రొంటిన దోపుకునే తుపాకీ

మా రోజుల్లో గ్రీన్‌కార్డు వస్తే తిరుపతి వెళ్లి గుండు కొట్టించుకునేవాళ్లం. మా మేనల్లుడికి పధ్నాలుగేళ్లు పడిగాపులు కాశాక మొన్నీమధ్య వచ్చింది. వాడూ గుండు మాటే ఎత్తాడు గానీ, అది తొమ్మిది మిల్లీమీటర్ల గుండు.

శనివారం పొద్దున్నే, కాలిఫోర్నియాలో మా ఫ్రీమాంట్‌లోనే ఉన్న వార్మ్ స్ప్రింగ్స్ పేట నుంచి కారేసుకుని మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ పొయ్యి దగ్గర పెసరట్లు పోస్తోంది. వీడు బల్లమీద రెండు కాయితాలు పరిచి, "మావయ్యా, ఈ రెంట్లో ఏది తీసుకోమంటావు?" అన్నాడు. పూర్వం ఇలా రెండు కాయితాలు పట్టుకొస్తే పెళ్లి సంబంధాలని అర్థం. వాడికి పెళ్లయి ఏడేళ్ల కూతురు కూడా ఉంది కదా, ఇప్పుడీ జాతకాలేమిటని కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఒకటి గ్లాక్ 26, రెండోది స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ల ఎం అండ్ పి షీల్డ్. పొడవు, ఎత్తు, మందం, బరువు, ఎన్ని గుళ్లు పడతాయి, అన్నీ గళ్లు గీసి రాసుకొచ్చాడు. చొక్కా కింద పెట్టుకుంటే ఏది పైకి కనపడదో తేల్చమన్నాడు.

"ఒరేయ్, వీసా మీదున్నన్నాళ్లు బుద్ధిగా ఉన్నావు కదరా" అన్నాను. బుద్ధి అనే మాట ఊరికే అనలేదు. హెచ్1బీ మీదున్నవాడు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్‌కార్డు రాగానే ఆ తలుపు తెరుచుకుంటుంది. మేం ఆ కార్డుతో ఇల్లు కొన్నాం, అమ్మానాన్నలకి టికెట్లు కొన్నాం. వీడి జాబితాలో మొదటి వస్తువు ఇదీ!

మాది పల్నాడు, మాచర్ల దగ్గర. మా తాతకి అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి లైసెన్సున్న జంట గొట్టాల తుపాకీ ఉండేది. గొట్టాలే మూరన్నర పైన. దాన్ని ఎవరికీ తెలీకుండా పట్టుకెళ్లాలనుకోవడం ఎద్దుని దుప్పటి కింద దాచాలనుకోవడం లాంటిది. ముందు వసారాలో గోడమేకుకి వేలాడుతూ ఉండేది. గుమ్మంలోకొచ్చిన ప్రతివాడూ ముందు దాన్ని చూసి, తర్వాత తాతని చూసేవాడు. లైసెన్సు పుస్తకంలో ఎన్ని తూటాలు కొన్నాడో రాసుండేది. రెన్యువల్‌కి తిరగాలి, సంతకాలు కావాలి, నిలబడాలి. ఎన్నికలు వస్తే కానిస్టేబులు కబురు పంపేవాడు. తాత దాన్ని సంచిలో చుట్టి పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. మా పిల్లలకి ఎన్నికలొచ్చాయని తెలిసేది పోస్టర్లు చూసి కాదు, గోడమీద మేకు ఖాళీగా కనపడితేనే. ఇప్పటికీ మన దగ్గర లైసెన్సున్న తుపాకుల్ని ఎన్నికలప్పుడు స్టేషన్లలో పెట్టించుకుంటూనే ఉన్నారు.

ఆ తుపాకీ ఎక్కడుందో, ఎవరి చేతిలో ఉందో, అందులో తూటా ఉందో లేదో ఊరందరికీ తెలుసు. తాతకి కోపమొచ్చిన రోజున నాయనమ్మ ముందు ఆ మేకు వైపే చూసేది. ఆయుధం ఉన్న ఇంటిమీద పదిమంది కళ్లుండేవి. ఇప్పుడు ఈ కాయితాలమీద గీసిన గళ్లన్నీ దేనికంటే, ఆ పది జతల కళ్లూ తప్పించుకోవడానికి.

మనవాళ్లకి దాచిపెట్టుకోవడం తెలీక కాదు. పంచె కట్టినవాడు చుట్టలూ చిల్లరా రొంటిన దోపుకునేవాడు. పోట్లాటకి వెళ్లేవాడు పిడిబాకు కూడా అక్కడే దోపేవాడు. కానీ రొంటిన బాకున్నవాణ్ణి ఊళ్లో పెద్దమనిషి అనేవాళ్లు కాదు. మరి పాండవులు దాచలేదా అంటారు. దాచారు, జమ్మిచెట్టు మీద, శవంలా మూటకట్టి, ఎవరూ దగ్గరికి పోకుండా. వాళ్లు ఆయుధం దాచింది అది లేకుండా ఏడాదిపాటు ఊళ్లో బతకడానికి. వీడు దాచేది అది లేకుండా పాలప్యాకెట్టుకి కూడా వెళ్లలేక.

నేను ఫ్రీమాంట్ వచ్చింది 1988లో. 1990 జనాభా లెక్కల్లో ఈ ఊరు లక్షా డెబ్భై మూడు వేలు. 2020లో రెండు లక్షల ముప్ఫై వేలు దాటింది. ఇప్పుడు టెస్లా ఉన్నచోట అప్పుడు జనరల్ మోటార్సూ టొయోటా కలిసి నడిపిన నుమ్మీ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. తెలుగు మాట వినపడితే పరుగెత్తుకెళ్లి పలకరించేవాళ్లం. అప్పుడు మేం అద్దెకున్నది నైల్స్‌లో. ఆ పేట పెద్దలు చెప్పుకునే గొప్ప ఏమిటంటే, 1912 నుంచి 1916 దాకా ఎస్సనే కంపెనీ అక్కడ మూకీ సినిమాలు తీసింది. చాప్లిన్ 1915లో తీసిన ట్రాంప్ అక్కడిదే. చాప్లిన్ కంటే ముందు అక్కడ జెండా పాతినవాడు బ్రాంకో బిల్లీ ఆండర్సన్. కౌబాయ్ బొమ్మలు వరసపెట్టి తీశాడు. ఆ బొమ్మల్లో తుపాకీ నడుముకి వేలాడుతూ ఆమడ దూరానికి కనిపిస్తుంది. చెడ్డవాడైనా సరే, ఇదిగో నా తుపాకీ అని చూపించే వస్తాడు.

నిజం బతుకులో ఆ ముచ్చట ఈ రాష్ట్రంలో 1967లో ముగిసింది. మా అలమీడా కౌంటీలోనే ఉన్న ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్లు గుళ్లు నింపిన తుపాకులు బాహాటంగా పట్టుకుని పోలీసుల వెనకే గస్తీ తిరిగారు. దాంతో మల్ఫర్డ్ అనే శాసనసభ్యుడు బిల్లు పెట్టాడు, గవర్నరుగా ఉన్న రేగన్ సంతకం చేశాడు. నింపిన తుపాకీ నలుగురిలో కనపడేలా తిప్పడం నేరమైంది. ఇక దాచి తిప్పాలంటే షెరిఫ్ పర్మిట్టు కావాలి, దానికి తగిన కారణం చూపించాలి. ఇక్కడ ఆ కారణం చూపించి గెలిచినవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టేవాళ్లం. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు న్యూయార్కు కేసులో, బ్రూయెన్ తీర్పంటారు, ప్రత్యేక కారణం అడగడం కుదరదంది. అప్పట్నుంచి మన మేనల్లుళ్లు గళ్ల కాయితాలు పట్టుకుని బయల్దేరారు.

నా దగ్గర తుపాకీ లేదా అంటే ఉంది. నైల్స్‌లో మా పక్కింటి ముసలాయన పేల్చడం నేర్పాడు. పొట్టి గొట్టం, థర్టీ ఎయిట్ స్పెషల్, ఐదు గుళ్ల రివాల్వరు. దాని చక్రం పక్కకి తీస్తే ఐదు గదులూ ఐదిళ్ల తలుపులు తీసినట్టు కనిపిస్తాయి. లోపల ఎవరున్నారో, ఎవరు లేరో చూపుకే తెలిసిపోతుంది. ట్రిగ్గర్ బరువు, దూరం లాగాలి. పొరపాటున లాగడం కష్టం. కాన్పూర్‌లో తయారై మన దేశంలో అమ్మే పాయింట్ 32 కూడా రివాల్వరే. ఇప్పుడు వీడు కొంటానంటున్న తొమ్మిది మిల్లీమీటర్లు మన దేశంలో మామూలు పౌరుడికి నిషిద్ధ బోరు. కలెక్టరు కాళ్లు పట్టుకున్నా రాదు. ఇక్కడ అదే అన్నింటికన్నా మామూలు. ఊరు మారితే శాస్త్రమే మారిపోయింది.

సరే, జాతకాలు పక్కన పెట్టి పెళ్లిచూపులకే వెళదామని ఆదివారం రేంజికి తీసుకెళ్లాను. రెండూ అద్దెకి తీసుకున్నాం. కాయితం మీద చూసింది వేరు, చేతిలోకొచ్చింది వేరు.

గ్లాక్ 26 దిబ్బరొట్టె. షీల్డ్ పెసరట్టు. ఒకటి ముప్ఫై మిల్లీమీటర్ల మందం, ఇంకోటి ఇరవై నాలుగు. ఆరు మిల్లీమీటర్లే కదా అనకండి, ఎముకకీ బెల్టుకీ మధ్య ఇరుక్కున్నప్పుడు ఆ ఆరు మిల్లీమీటర్లు సాయంత్రానికి ఆరంగుళాలవుతాయి. గ్లాక్ ఖాళీగా ఆరొందల గ్రాములకి కాస్త పైన. షీల్డ్ దానికంటే తేలిక. గొట్టం గ్లాకుది ఎనభై ఏడు మిల్లీమీటర్లు, షీల్డ్‌ది డెబ్భై తొమ్మిది. గ్లాకులో పది గుళ్లు పడతాయి. షీల్డ్‌లో చిన్న మ్యాగజైనుకి ఏడు, పొడుగుదానికి ఎనిమిది.

ఈ పది అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికి తెలీదు. 1994లో క్లింటన్ కాలంలో పదికి మించి పట్టే కొత్త మ్యాగజైన్లు అమ్మకూడదని ఫెడరల్ చట్టం వచ్చింది. పదే పెట్టాలన్నప్పుడు అంత పెద్ద తుపాకీ ఎందుకు, పది పట్టే పొట్టిదే చేద్దామని కంపెనీలు బయల్దేరాయి. 1995లో ఈ గ్లాక్ 26 దిగింది. ఆ ఫెడరల్ చట్టం 2004లో గడువు తీరి పోయింది. కాలిఫోర్నియాలో మాత్రం పది హద్దు 2000 నుంచి ఉంది. అంటే తుపాకుల్ని తగ్గిద్దామని చట్టం చేస్తే తుపాకీ పొట్టిదై జేబులో దూరింది. షీల్డ్ 2012లో వచ్చింది. దానికి ఎన్ని గుళ్లు పడతాయన్నదానికంటే ఎంత పలచగా ఉంటానన్నదే ముఖ్యం.

వాడు ముందు షీల్డ్ పేల్చాడు. ఏడు గజాల దూరం. పలచగా, తేలిగ్గా ఉన్నది పేలితే చేతిని గట్టిగానే తంతుంది. రెండో గుండుకే మొహం చిట్లించాడు. గుళ్లన్నీ బొమ్మకి కిందగా, ఎడమకి పోయాయి. కుడిచేతివాటం వాడు తన్నుతుందని ముందే జడిసి మణికట్టు వంచితే అటే పోతాయి. గ్లాక్ పుచ్చుకున్నాక కాస్త నడిమికొచ్చాయి. బరువు, మందం ఉన్నాయి కాబట్టి తన్ను తగ్గింది. అయితే పిడి పొట్టి, చిటికెనవేలికి చోటు లేక గాల్లో వేలాడింది. "మావయ్యా, చిటికెనవేలు ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. "పెళ్లిలో పట్టుకున్నావుగా, ఇప్పుడు వదిలేయి" అన్నాను. నా డెబ్భై రెండేళ్ల చేతులతో నేనూ రెండూ పేల్చాను. నా గుళ్లు ఎక్కడ పడ్డాయో ఇక్కడ రాయను.

ఇంటికొచ్చాక అడిగాను, అసలెందుకురా అని. వాడి దగ్గర జవాబులున్నాయి, తీసిపారేసేవి కావు. 2022లో పక్క శాంటా క్లారా కౌంటీలో చీర కట్టి, నగలు పెట్టుకున్న మన ఆడవాళ్లనే ఎంచుకుని మెళ్లో గొలుసులు లాగిన కేసు నడిచింది. మనవాళ్ల ఇళ్లలో బంగారముంటుందని దొంగలకి తెలుసని ఈ ఊళ్లో మా ఆవిడతో సహా అందరూ చెప్పుకుంటారు. ఆ పైన, 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం కాన్సస్‌లోని ఒలేతలో ఒక బారులో కూచిభొట్ల శ్రీనివాస్ అనే మన తెలుగువాణ్ణి కాల్చి చంపేశారు. ఆ మాట వస్తే ఏ తెలుగింట్లోనైనా కాసేపు ఎవరూ మాట్లాడరు. మేమూ మాట్లాడలేదు.

తర్వాత నేనన్నాను. ఆ రోజు అక్కడ ఇయన్ గ్రిలట్ అనే కుర్రాడున్నాడు. చేతిలో ఏమీ లేదు. బల్ల కింద నక్కి పేలుళ్లు లెక్కపెట్టి, గుళ్లు అయిపోయాయనుకుని కాల్చినవాడి వెంటపడ్డాడు. లెక్క తప్పింది. గుండు చేతిలోంచి దూరి ఛాతీలో దిగింది. బతికాడు. హ్యూస్టన్‌లో మనవాళ్లు చందాలేసి ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు ఇచ్చారు. అంత గుండె నిబ్బరం ఉన్నవాడే ఆ గోలలో లెక్క తప్పాడు. ఏడు గజాల్లో కదలని కాయితాన్ని కొట్టలేనివాడివి నువ్వేం లెక్కపెడతావు? పైగా అది బారు. కాలిఫోర్నియాలో మందు పోసే చోటికి నీ పర్మిట్టు పనికిరాదు. నీ తుపాకీ ఆ వేళ కారులో ఉంటుంది.

ఇంకెక్కడెక్కడ పనికిరాదో కూడా వాడి చేత చదివించాను. బడి, పార్కు, ఆటస్థలం, గ్రంథాలయం. వీడు బయటికెళ్లేది ఎక్కడికి? పిల్లని బడి దగ్గర దింపడానికి, పార్కులో లేక్ ఎలిజబెత్ చుట్టూ నడవడానికి, గ్రంథాలయంలో పిల్ల పుస్తకాలు తిరిగివ్వడానికి. గుడి సంగతి ఇంకా కోర్టుల్లో నలుగుతోంది. కోర్టు ఏమన్నా సరే, నడుముకి తుపాకీ పెట్టుకుని శఠగోపం కింద తల వంచడానికి నాకైతే మనసొప్పదు. ఇవన్నీ తీసేస్తే వాడికి మిగిలేది కూరగాయల షాపు, కాస్ట్‌కో. బెండకాయలు ఏరుకోవడానికి పది గుళ్లెందుకురా?

పర్మిట్టు తతంగం చూస్తే మాత్రం మా తాత గుర్తొచ్చాడు. 2024 జనవరి నుంచి కొత్త చట్టం. మొదటిసారికి పదహారు గంటల శిక్షణ, అందులో ఓ గంట మనసు ఆరోగ్యం గురించి. రెండేళ్లకోసారి రెన్యువలు. తుపాకీ కొనాలంటే ముందు ముప్ఫై ప్రశ్నల పరీక్ష, ఇరవై మూడు సరిగ్గా రాయాలి. కొన్నాక పదిరోజులు ఆగాలి. 2024 జులై నుంచి మీద పదకొండు శాతం పన్ను. రాష్ట్రం జాబితాలో ఉన్న తుపాకే అమ్మాలి కాబట్టి, బయట గ్లాకులు ఐదో తరం దాటినా మన షాపుల్లో మూడో తరమే. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జులై నుంచి అదీ షాపుల్లో అమ్మకూడదట. చిన్న ముక్క తగిలిస్తే మెషిన్ గన్నైపోతుందని వాళ్ల భయం. ఆషాఢం రాకముందే ముహూర్తం పెట్టించాలన్నట్టు మావాడికి తొందర.

ఇంత చట్టంలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. ఈ మనిషి మంచివాడని ముగ్గురు చెప్పాలి, పెళ్లయినవాడైతే అందులో ఒకరు భార్య. ఈ నియమం రాసినవాడెవరో గానీ మా నాయనమ్మ దగ్గర చదువుకున్నట్టున్నాడు. "మీ ఆవిడ ఏమంటుందిరా?" అన్నాను. "ఇంకా చెప్పలేదు మావయ్యా" అన్నాడు. పొయ్యి దగ్గర మా ఆవిడ అట్లకాడ పెనం మీద గట్టిగా చప్పుడు చేసింది.

ఇక తీర్పు. అడిగావు గనక చెబుతున్నాను, కొంటే షీల్డే కొను. పలచగా ఉందని కాదు. గ్లాకుని శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైను తీసేశాం కదా ఖాళీ అయిపోయిందనుకుని, గొట్టం మొదట్లో ఉండే గదిలో ఒక గుండు మిగిలిందని చూసుకోకుండా నొక్కినవాళ్లు ఎందరో ఉన్నారు. తుపాకీ తుడుచుకుంటూ పోయిన కుర్రాడి కబురు ఇక్కడి తెలుగిళ్లలోనూ విన్నాం. షీల్డ్‌ని ట్రిగ్గర్ నొక్కకుండా విప్పొచ్చు. కాలిఫోర్నియాకి వచ్చే షీల్డ్ మ్యాగజైను తీసేస్తే పేలదు, బొటనవేలి దగ్గర పేలకుండా ఆపే మీట కూడా ఉంటుంది. గ్లాకుకి ఆ రెండూ లేవు. తెలిసినవాడికి గ్లాక్ మంచి తుపాకీ. నీకింకా తెలీదు.

అయినా షీల్డ్ కంటే ముందు ఇనప్పెట్టె కొను. ఏడేళ్ల పిల్ల తిరిగే ఇంట్లో తుపాకీ తాళం లేకుండా ఉంచితే ఈ రాష్ట్రంలో అది నీ నేరం. నెలకి రెండుసార్లు రేంజికి వెళ్లు, నీ గుళ్లు బొమ్మ నడిమికి వచ్చేదాకా దాన్ని నడుముకి పెట్టుకోకు. ఇండియా వెళ్లేముందు ప్రతి సంచీ, ప్రతి జేబూ బోర్లించి చూసుకో. మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు. పెళ్లికని వెళ్లి కోర్టు చుట్టూ తిరుగుతావు. వీటన్నిటికంటే ముందు ఇవాళ ఇంటికెళ్లి మీ ఆవిడకి చెప్పు. మా తాత తుపాకీ ఎక్కడుందో మా నాయనమ్మకి తెలుసు.

నా ఐదు గుళ్ల రివాల్వరు 1991 నుంచి ఇనప్పెట్టెలోనే ఉంది. రెండో తాళంచెవి మా ఆవిడ దగ్గరుంది. ముప్ఫై అయిదేళ్లలో రేంజిలో తప్ప అది ఒక్కసారీ పేలలేదు.